ఏడాది నడుమ ఎల్ల దాటినవారి పన్ను కథ

అమెరికాలో కొలువు చేసే మనవారికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక సందేహం తప్పక వస్తుంది. జూన్ దాకా న్యూజెర్సీలో పనిచేశారు. జూలైలో ప్రాజెక్టు మారి కాలిఫోర్నియా చేరారు. యజమాని పంపిన డబ్ల్యూ-2 కాగితంలో అడుగున రెండు రాష్ట్రాల పేర్లు, రెండు అంకెలు. కేంద్ర ప్రభుత్వానికి ఒక రిటర్ను సరిపోతుంది. రాష్ట్రాలకు మాత్రం రెండు దాఖలు చేయాలి. రెంటిలోనూ తాను "పార్ట్ ఇయర్ రెసిడెంట్" అని రాసుకోవాలి. పాక్షికవర్ష నివాసి అని తెలుగు చేసుకుందాం. పలకడానికి కష్టమే గాని అర్థానికి లోటు లేదు. ఆపైన కాలిఫోర్నియా వారి ఫారం న్యూజెర్సీలో సంపాదించిన సొమ్ము కూడా చెప్పమంటుంది. అక్కడే మనవాడికి ఒళ్ళు మండుతుంది. నేను ఈ గడ్డ మీద అడుగు పెట్టకముందు సంపాదించినదానితో వీరికేం పని?

ఫారం ఎలా నింపాలో చెప్పే పుస్తకాలకు, సాఫ్ట్‌వేర్లకు కొదవ లేదు. ఆ గడులు అలా ఎందుకున్నాయో చెప్పేవి మాత్రం తక్కువ. కొన్నాళ్ళుగా ఆ చరిత్ర చదువుతున్నాను. చదివిన కొద్దీ నాకు తోచినదేమంటే, "మీరు ఏ తేదీన వచ్చారు, ఏ తేదీన వెళ్ళారు" అని ఫారంలో అమాయకంగా కనిపించే ఆ ఒక్క ప్రశ్న వెనుక నూరేళ్ళకు పైబడిన వ్యాజ్యాలున్నాయి. ఇల్లు మారిన తేదీ మన సొంత వ్యవహారమని మనం అనుకుంటాం. రాష్ట్రాలు ఏనాడూ అలా అనుకోలేదు.

మనకిది వింతగా తోచడానికి కారణముంది. భారతదేశంలో ఆదాయపు పన్ను కేంద్రానిది. వ్యవసాయాదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకున్నా, జీతగాడికి దానితో నిమిత్తం లేదు. విశాఖలో ఆరు నెలలు, బెంగళూరులో ఆరు నెలలు పనిచేసినవాడికి రాష్ట్రం తరఫున తగిలేది వృత్తి పన్ను ఒక్కటే. రాజ్యాంగంలోని 276వ అధికరణం దానికి కట్టిన గరిష్ఠ పరిమితి ఏడాదికి 250 రూపాయలుండగా, 1988లో అరవయ్యవ సవరణ దాన్ని 2,500 చేసింది. దానికోసం ఎవరూ లాయరు దగ్గరికి పరుగెత్తరు.

కాని మన నేల మీద కూడా ఈ చిక్కు ఎన్నడూ లేదనుకోకండి. నిజాం రాజ్యానికి ఫసలీ 1357 నాటి సొంత ఆదాయపు పన్ను చట్టం ఉండేది. కృష్ణకు ఇవతల మద్రాసు రాష్ట్రంలో 1922 నాటి భారత ఆదాయపు పన్ను చట్టం నడిచేది. ఆ చట్టంలో తరువాత చేర్చిన ఒక నిబంధన ప్రకారం, స్వదేశీ సంస్థానంలో పుట్టిన ఆదాయాన్ని బ్రిటిషు ఇండియాలోకి తెచ్చుకోనంతవరకు దానిపై ఇక్కడ పన్ను లేదు. అంటే బెజవాడలో కాపురముండి ఖమ్మంమెట్టులో కొట్టు నడిపే వర్తకుడికి, లాభం వచ్చిందా లేదా అన్నదానితో పాటు ఆ లాభం ఎల్ల దాటిందా లేదా అన్నది కూడా లెక్కే. మునగాల పరగణా వంటిచోట చుట్టూ నైజాం నేల, నడుమ మద్రాసు ఏలుబడి. అక్కడి వ్యాపారికి ఎల్ల నాలుగు దిక్కులా ఉండేది. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత ఆదాయపు పన్ను హైదరాబాదుకూ వర్తించడంతో ఆ ముచ్చట ముగిసింది. మనం ఒక్క కలంపోటుతో తుడిచేసిన ఎల్లలను అమెరికావారు ఈనాటికీ అలాగే ఉంచుకున్నారు.

అమెరికా రాష్ట్రాలు ఆదాయపు పన్నును పందొమ్మిదో శతాబ్దంలోనే ప్రయత్నించాయి. వర్జీనియా, ఉత్తర కరోలినా మొదలైనవి చట్టాలు చేశాయి గాని ఖజానాకు చేరింది స్వల్పం. ఎవరి ఆదాయం వారే చెప్పాలి, దాన్ని తనిఖీ చేయవలసినవాడు ఆ ఊరి ఓట్లతో గెలిచిన స్థానిక అధికారి. రేపు ఓటు అడగవలసిన ఇంటికి వెళ్ళి "నీ ఆదాయం ఇంత కాదు, అంత" అని ఎవడంటాడు?

ఈ కిటుకు పట్టుకున్నది విస్కాన్సిన్. అక్కడ 1908లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకోగా 1911లో చట్టం వచ్చింది. ఆ చట్టంలో గొప్పతనం పన్ను రేట్లలో లేదు. వసూలు పద్ధతిలో ఉంది. ఊరి అధికారిని పక్కన పెట్టి, రాష్ట్రమే నియమించే అసెసర్లను పెట్టారు. యజమానులు తామెవరికెంత జీతమిచ్చారో రాష్ట్రానికి తెలపాలన్నారు. ఈనాటి డబ్ల్యూ-2కు ముత్తాత వంటిది ఆ ఏర్పాటు. కేంద్ర ప్రభుత్వం పదహారో సవరణతో 1913లో ఆదాయపు పన్ను తెచ్చేనాటికి విస్కాన్సిన్ పన్ను రెండేళ్ళ బిడ్డ. కేంద్రాన్ని చూసి రాష్ట్రాలు నేర్చుకున్నాయని చాలామంది అనుకుంటారు. సరిగ్గా అదే క్రమంలో జరగలేదన్నమాట. 1916లో మసాచుసెట్స్, 1919లో న్యూయార్కు ఆ దారి పట్టాయి.

న్యూయార్కు రంగంలోకి దిగగానే అసలు తగవు మొదలైంది. ఆ మహానగరంలో పనిచేసేవారిలో ఎంతోమంది కాపురం నదికి అవతల న్యూజెర్సీలోనో, ఎగువన కనెక్టికట్‌లోనో. వారి జీతం న్యూయార్కులో పుట్టింది. వారి ఇల్లు, బడి, శ్మశానం ఇంకో రాష్ట్రంలో ఉన్నాయి. పన్ను ఎవరిది?

1920 మార్చి 1న అమెరికా సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. రెండూ రాసినది జస్టిస్ పిట్నీ. ఆయనదీ న్యూజెర్సీయే కావడం ఒక చమత్కారం. మొదటిది షేఫర్ అనే చమురు వ్యాపారి కేసు. ఆయన ఉండేది ఇల్లినాయిలో, నూనె బావులు ఓక్లహోమాలో. నేను మీ పౌరుణ్ణి కాను, నా ఆదాయంపై మీకేం హక్కు అని ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. నీ వ్యాపారం ఎవరి రక్షణలో, ఎవరి చట్టాల నీడలో సాగుతోందో వారికి ఆ వ్యాపారపు ఆదాయంపై పన్ను వేసే హక్కుందని తేల్చింది.

రెండోది తాళాల కేసు. యేల్ తాళం పేరు మనలో వినని వారరుదు. ఆ తాళాలు చేసే యేల్ అండ్ టౌన్ కంపెనీ కనెక్టికట్‌లోని స్టాంఫర్డ్‌ది. న్యూయార్కు నగరంలో దానికో కార్యాలయముండేది. అందులో పనిచేసే కొందరు పొరుగు రాష్ట్రాలవారు. న్యూయార్కు చట్టం తన నివాసులకు ఒంటరివారైతే 1,000 డాలర్లు, పెళ్ళైతే 2,000 డాలర్ల మినహాయింపు ఇచ్చి, బయటివారికి ఏమీ ఇవ్వలేదు. కోర్టు ఈ వివక్షను కొట్టేసింది. రెండు తీర్పులూ కలిపి చదివితే వచ్చే సూత్రం ఇది: బయటివాడి దగ్గరా పన్ను తీసుకోవచ్చు, కాని బయటివాడైనందుకు ఎక్కువ తీసుకోరాదు. ఈ సూత్రాన్ని రాష్ట్రాలు మాటిమాటికీ మరచిపోతుంటాయి. న్యూహాంప్‌షైర్‌ను చూడండి. సొంత ప్రజల జీతాలపై పన్ను లేని ఆ రాష్ట్రం, మెయిన్ నుంచి రోజూ వచ్చి పనిచేసి పోయేవారి మీద మాత్రం పన్ను వేసింది. తన వారి ఓట్లు పోవు, ఖజానాకు సొమ్ము వస్తుంది! 1975లో సుప్రీంకోర్టు దాన్నీ రద్దుచేసింది.

ఇక రెండో కొస. పని చేసిన రాష్ట్రానికి హక్కుందంటే నివాసమున్న రాష్ట్రానికి లేనట్టా? ఉంది. 1932లో మిసిసిపీ నివాసి అయిన లారెన్సు అనే కాంట్రాక్టరు టెనెసీలో రోడ్లు వేసి సంపాదించాడు. ఆ సొమ్ముపై సొంత రాష్ట్రం పన్ను వేస్తే కోర్టుకెక్కి ఓడిపోయాడు. నివాసి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అతని రాష్ట్రం పన్ను వేయవచ్చు. అంటే ఒకే రూపాయిని ఇద్దరు పట్టుకోవచ్చు. దీనికి విరుగుడుగా "అక్కడ కట్టినదాన్ని ఇక్కడ తగ్గించుకో" అనే జమ ఏర్పాటు, అంటే క్రెడిట్, చట్టసభలు తామే కల్పించాయి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వంటి ఇరుగుపొరుగు రాష్ట్రాలైతే, జీతాల మీద నివాసమున్న రాష్ట్రమే పన్ను తీసుకునేట్టు ఒడంబడిక చేసుకున్నాయి. 2016 సెప్టెంబరులో న్యూజెర్సీ గవర్నరు ఆ ఒడంబడికను తెంచుకుంటామని ప్రకటించి, నవంబరులో వెనక్కి తగ్గాడు. ఆ రెండు నెలలు వంతెనకు రెండు వైపులా ఉద్యోగులు లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారు.

ఈ జమ చాలాకాలం రాష్ట్రాల దయాధర్మం అన్నట్టుగానే నడిచింది. 2015లో మేరీలాండ్‌కు చెందిన విన్ దంపతుల కేసులో అది మారింది. మేరీలాండ్ ఇతర రాష్ట్రాల్లో కట్టిన పన్నుకు తన రాష్ట్ర పన్నులో జమ ఇచ్చేది గాని, కౌంటీ పేరుతో వసూలు చేసే భాగంలో ఇచ్చేది కాదు. సుప్రీంకోర్టు 5-4 తేడాతో అది చెల్లదంది. ఎల్ల దాటి సంపాదించినవాడు, దాటకుండా సంపాదించినవాడి కంటె ఎక్కువ కట్టవలసి రావడం అంతర్రాష్ట్ర వాణిజ్యానికి అడ్డు అన్నది ఆ తీర్పు సారం. ఒక్క ఓటు అటు పడితే కథ వేరుగా ఉండేది.

ఇంతవరకూ ఇల్లొకచోట, పని ఒకచోట ఉన్నవారి సంగతి. ఇల్లే మారినవారి సంగతి ఇంకా జటిలం. ఎందుకంటే నివాసి ఎవరు అన్న ప్రశ్నకు అమెరికా న్యాయశాస్త్రం మనసును సాక్షిగా పిలుస్తుంది. డొమిసైల్, అంటే స్థిరనివాసం. మనిషి శరీరం ఒకచోట ఉండటమే చాలదు. అక్కడే ఉండిపోవాలన్న తలంపు కూడా ఉండాలి. కొత్త స్థిరనివాసం కుదిరేదాకా పాతది వదలదు. బేతాళుడిలా భుజం మీదనే ఉంటుంది.

తలంపును ఎవరు చూడొచ్చారు? కేంబెల్ సూపు సొంతదారు డోరెన్స్ 1930లో చనిపోయినప్పుడు ఈ సంగతి దేశమంతటికీ తెలిసివచ్చింది. ఆయనకు న్యూజెర్సీలో పాత ఇల్లుంది. పెన్సిల్వేనియాలోని రాడ్నర్‌లో 1925లో కొన్న పెద్ద భవనముంది; కుటుంబం ఎక్కువగా అక్కడే గడిపేది. తాను న్యూజెర్సీ వాణ్ణేనని ఆయన బతికున్నంతకాలం కాగితాల మీద రాస్తూనే వచ్చాడు. కుటుంబం ఎక్కడుంటే అదే ఇల్లని పెన్సిల్వేనియా న్యాయస్థానం అంది. ఆయన మాట ఏమంటే అదే ఇల్లని న్యూజెర్సీ న్యాయస్థానం అంది. రెండూ వారసత్వపు పన్ను కింద కోటి డాలర్లకు పైగా చెరొకటి వసూలు చేసుకున్నాయి. సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. ఒక్క మనిషి చట్టం దృష్టిలో రెండు చోట్ల స్థిరంగా ఉండి చనిపోయాడు!

అదే దశకంలో హెట్టీ గ్రీన్ కొడుకు కర్నల్ గ్రీన్ ఆస్తి మీద టెక్సాస్, ఫ్లోరిడా, న్యూయార్కు, మసాచుసెట్స్ నాలుగూ పడ్డాయి. ఆయన 1936లో పోయాడు. అందరి దావాలూ కలిపితే ఆస్తి విలువనే మించిపోయేట్టుంది. అప్పుడు గాని సుప్రీంకోర్టు కల్పించుకోలేదు. 1939లో మసాచుసెట్సే ఆయన ఇల్లని తేల్చింది. నాలుగు రాష్ట్రాలు ఆస్తిని మింగేస్తే తప్ప మధ్యస్థుడు రాడన్నది ఇందులోని నీతి (లేదా అవినీతి). ఇవి వారసత్వపు పన్నుల కేసులే, ఆదాయపు పన్నువి కావు. ఐనా నివాసాన్ని నిర్ణయించే సూత్రాలు ఒకటే.

లక్షాధికారుల గోల మనకెందుకంటారా? హెచ్-1బి వీసా మీద వచ్చి "రెండేళ్ళలో వెళ్ళిపోతాం" అంటూ ఇరవయ్యేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళను తలచుకోండి. తలంపును బట్టి తీర్పు చెప్పవలసి వస్తే, ఏ రాష్ట్రమూ మనలో సగంమందిని నివాసులుగా లెక్కించలేదు. అందుకే రాష్ట్రాలు తలంపుతో పాటు రోజుల లెక్క కూడా పెట్టుకున్నాయి. న్యూయార్కులో శాశ్వతమైన వసతి ఉంచుకొని ఏడాదిలో 183 రోజులు దాటి గడిపితే, మనసు ఎక్కడున్నా నివాసివే. తాత్కాలికమో దారిమధ్యమో కాని పనిమీద రాష్ట్రంలో ఉంటే నివాసివేనంటుంది కాలిఫోర్నియా. తొమ్మిది నెలలు మించితే నివాసివని ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసే భారం నీది. తాత్కాలికం అంటే ఎన్నాళ్ళు? ప్రాజెక్టు ఆరు నెలలని చెప్పి మూడేళ్ళు సాగడం మనకు కొత్త కాదు గదా.

మళ్ళీ మొదటి ప్రశ్నకొద్దాం. కాలిఫోర్నియా నా న్యూజెర్సీ జీతం ఎందుకడుగుతుంది? ఏడాదిని రెండుగా కోయడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది కత్తితో కోసినట్టు కోయడం. నువ్వున్న ఆరు నెలల ఆదాయం చెప్పు, దానికే పన్ను, మినహాయింపులు కూడా ఉన్న నెలల మేరకే. న్యూజెర్సీ తన పాక్షికవర్ష నివాసులను ఇలాగే చూస్తుంది. నెలలో పదిహేను రోజులో అంతకు మించో ఉంటే ఆ నెల మొత్తం లెక్కలోకొస్తుంది. చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ ఒక్కలా అర్థమయ్యే పద్ధతి.

రెండోది కాలిఫోర్నియా పద్ధతి. ఆ పేరుతోనే ప్రసిద్ధి. ముందు ఏడాది మొత్తం ఆదాయం మీద, నువ్వు ఏడాదంతా ఇక్కడే ఉన్నట్టుగా పన్ను కడతారు. అది ఆదాయంలో నూటికెంత పడిందో చూస్తారు. ఆ రేటును కాలిఫోర్నియాకు చెందిన భాగానికి వర్తిస్తారు. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాం (రేట్లు ఊహించినవే). న్యూజెర్సీలో 50,000, కాలిఫోర్నియాలో 50,000 డాలర్లు వచ్చాయనుకోండి. లక్ష మీద పన్ను 6,000 అయితే, అందులో సగం 3,000 కాలిఫోర్నియాకు. 50,000 మీద మాత్రమే లెక్కవేస్తే 2,000 అయ్యేదేమో. మిగతా 1,000 ఎక్కడిది? న్యూజెర్సీ జీతం మీద పన్ను వేయలేదంటారు వాళ్ళు; ఆ జీతాన్ని చూసి నువ్వు ఏ మెట్టు మీదున్నావో తెలుసుకున్నామంటారు.

ఇది మోసమని చాలామంది అనుకుంటారు. నాకైతే ఇందులో న్యాయం లేకపోలేదనిపిస్తుంది. ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగే పన్నులో, ఏడాదిని ముక్కలు చేసుకున్నవాడు ప్రతి ముక్కకూ అడుగు మెట్టు నుంచి మొదలుపెడితే, ఒక్కచోటనే ఉండి అంతే సంపాదించిన పక్కింటివాడు ఎక్కువ కట్టవలసి వస్తుంది. ఈ వాదం పాతదే. న్యూజెర్సీయే వారసత్వపు పన్నులో ఇటువంటి నిష్పత్తి లెక్క వాడగా 1919లో సుప్రీంకోర్టు మాక్స్‌వెల్ కేసులో సరేనంది. న్యూయార్కు 1987లో బయటివారి ఆదాయపు పన్నుకు ఈ పద్ధతి తెచ్చుకుంటే, 1992లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం బ్రేడీ కేసులో సమర్థించింది. కాని ఒక రాష్ట్రం కత్తితో కోసి, ఇంకొకటి త్రాసులో తూచితే రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి అతకవు. ఆ అతకనిచోటనే మన సాఫ్ట్‌వేర్లు తప్పటడుగులు వేస్తాయి.

సామాను సర్దుకొని వెళ్ళిపోయాక కూడా పాత రాష్ట్రం పూర్తిగా చెయ్యి వదలదు. కాలిఫోర్నియాలో ఉండగా ఇచ్చిన స్టాకు ఆప్షన్లను టెక్సాసులో అమ్ముకున్నా, ఇచ్చిన నాటి నుంచి వాడుకున్న నాటి వరకు కాలిఫోర్నియాలో ఎన్ని పనిదినాలు గడిపారో లెక్కగట్టి ఆ మేరకు తన భాగం అడుగుతుంది. పింఛన్ల విషయంలోనూ కొన్ని రాష్ట్రాలు ఇలాగే చేసేవి. ముప్పయ్యేళ్ళు కాలిఫోర్నియాలో పనిచేసి నెవాడా ఎడారిలో విశ్రాంతి తీసుకుంటున్న ముసలివాళ్ళ ఇళ్ళకు పన్ను నోటీసులు వచ్చేవి. వారి మొర ఆలకించి కేంద్ర చట్టసభ చేసిన చట్టంపై 1996 జనవరిలో సంతకమైంది. అప్పటినుంచి వెళ్ళిపోయినవారి పింఛను జోలికి పాత రాష్ట్రం పోరాదు. ఇల్లు మార్చిన ఖర్చును ఆదాయంలోంచి తీసివేసుకునే వీలు 1964లో కేంద్ర చట్టంలో చేరింది. 2017 నాటి చట్టం సైనికులకు తప్ప దాన్ని 2018 నుంచి నిలిపివేయగా, 2025లో ఆ నిలుపుదలనే శాశ్వతం చేశారు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ పన్నులో ఇంకా ఒప్పుకుంటున్నాయి. కేంద్రం ఫారంలో లేదు గదా అని రాష్ట్రం ఫారంలోనూ వదిలేసేవారున్నారు.

ఇక ఈ కథలన్నిటికీ తలమానికమైనది గిల్బర్ట్ హయట్ కేసు. మైక్రోప్రాసెసర్‌కు సంబంధించి ఈయన 1970లో పెట్టుకున్న పేటెంటు దరఖాస్తు ఇరవయ్యేళ్ళకు, 1990లో, మంజూరైంది. లైసెన్సు రుసుముల రూపంలో కోట్ల డాలర్లు రావడం మొదలైంది. (ఒకే చిప్పు మీద కంప్యూటరుకు సంబంధించిన కీలకాంశాలు 1996లో ఆయన చేజారి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజనీరుకు దక్కాయి. అది వేరే కథ.) సరిగ్గా ఆ తరుణంలో ఆయన దక్షిణ కాలిఫోర్నియా వదిలి, ఆదాయపు పన్ను లేని నెవాడాకు మారాడు. 1991కి కాలిఫోర్నియాలో పాక్షికవర్ష నివాసిగా రిటర్ను దాఖలు చేశాడు. అక్టోబరు 1 నుంచి తాను నెవాడావాణ్ణని అందులో రాశాడు.

1993లో కాలిఫోర్నియా పన్నుల శాఖ తనిఖీ మొదలుపెట్టింది. వారి నిర్ణయం ప్రకారం ఆయన నిజంగా మారినది 1992 ఏప్రిల్ 3న. తేడా ఆరు నెలలు. ఆ ఆరు నెలల ఖరీదు పన్ను, వడ్డీ, జరిమానాలు కలిపి కోటి డాలర్లకు పైమాట. తనిఖీలో భాగంగా అధికారులు నెవాడా వెళ్ళి ఆయనతో చెడిన బంధువులను విచారించారు. వందకు మించి ఉత్తరాలు ఇతరులకు రాశారు. తన ఉత్తరాలు తిరగేశారని, ఇంటి చెత్త కూడా వెతికారని ఆయన ఆరోపణ. 1998లో ఆయన నెవాడా న్యాయస్థానంలో కాలిఫోర్నియా శాఖ మీద దావా వేశాడు. నెవాడా జూరీకి ఎవరి మీద జాలి కలుగుతుందో చెప్పనక్కరలేదు. తీర్పు మొత్తం వడ్డీ, ఖర్చులతో 49 కోట్ల డాలర్లు మించింది. పై కోర్టులో చాలావరకు ఎగిరిపోయి, మోసం అన్న ఒక్క పద్దు కింద 10 లక్షలు నిలిచాయి. 2016లో అమెరికా సుప్రీంకోర్టు, నెవాడా తన శాఖల మీద దావాలకు పెట్టుకున్న 50,000 డాలర్ల పరిమితి కాలిఫోర్నియాకూ వర్తించాలంది. మూడోసారి, 2019లో, అదే కోర్టు 5-4 తేడాతో తన 1979 నాటి నెవాడా వర్సెస్ హాల్ తీర్పునే తోసిపుచ్చింది. ఒక రాష్ట్రం ఒప్పుకోకుండా దాన్ని ఇంకొక రాష్ట్రపు కోర్టుకు ఈడ్చరాదని శాసించింది. ఆ 50,000 కూడా పోయాయి. అప్పటికి దావా వేసి ఇరవై ఒక్క ఏళ్ళు.

హయట్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. పన్ను లేనిచోటికి, పెద్ద సొమ్ము వచ్చే ముహూర్తం చూసుకుని మారాడని అధికారులు అనుమానించడంలో వింత లేదు. కాని 2019 తీర్పు ఫలితం ఆయనతో ఆగేది కాదు. నువ్వు రాష్ట్రం వదిలిన తేదీ మీద తగవొస్తే, తనిఖీ చేసేది నువ్వు వదిలివచ్చిన రాష్ట్రం, నీ అభ్యంతరం మొదట వినేదీ దాని శాఖలే, ఆ తరువాత తలుపు తట్టవలసినవీ దాని న్యాయస్థానాలే. కొత్తగా చేరిన రాష్ట్రపు గడప ఎక్కి పాత రాష్ట్రం మీద ఫిర్యాదు చేసే దారి మూసుకుపోయింది. రాష్ట్రం మీద రాష్ట్రమే నేరుగా సుప్రీంకోర్టుకు పోవచ్చుగా అంటే, 2021 జూన్‌లో ఆ తలుపూ తెరుచుకోలేదు. కరోనా కాలంలో ఇంట్లో కూర్చుని పనిచేసిన తన పౌరుల జీతంపై మసాచుసెట్స్ పన్ను పట్టిందని న్యూహాంప్‌షైర్ వెళ్తే, వినబోమని కోర్టు తిప్పి పంపింది.

కోట్ల లెక్కలు మనవి కావు. ఐనా చిన్న మొత్తాల దగ్గరా ఇవే కొలతలు. ఒకే ఏడాది మూడు రాష్ట్రాలు తిరిగిన మిత్రుడొకరున్నారు. ఆయన కొత్త ఊరు చేరిన మూడు నెలల దాకా జీతం విభాగంవారు పాత రాష్ట్రానికే పన్ను కోసి పంపుతూ వచ్చారు. పాత రాష్ట్రం వాపసు ఇవ్వడానికి ముందు వివరణ కోరింది. ఎప్పుడు వెళ్ళారని అడిగితే ఆయన తేదీ చెప్పాడు. ఆ తేదీకి సాక్ష్యం కావాలన్నారు. పాత అద్దె ఒప్పందం రద్దు చేసుకున్న ఉత్తరం, కొత్త ఇంటి ఒప్పందం, కొత్త డ్రైవింగ్ లైసెన్సు మీది తేదీ, పిల్లవాడి బడి మార్పు పత్రం, కరెంటు బిల్లు ఒక్కొక్కటీ వెతికి పంపాడు. చివరికి వాళ్ళను ఒప్పించింది ఇవేవీ కావు. సామాను లారీవాడు దారిలో ఇచ్చిన రసీదు. దాని మీద ఏ ఊళ్ళో ఎక్కించినదీ, ఏ ఊళ్ళో ఏ రోజున దించినదీ చేతిరాతతో ఉంది. కింద ఆయన భార్య సంతకం.